సాయమ్మ కోడిపిల్లలను పట్టనన్న పొద్దు

పోయిన నెల మా తమ్ముడు శీను తన బిడ్డకు టీకా ఏయించనీకె పేట్ బషీరాబాద్‌ల ఒక పిల్లల దవాఖానకు పోతూ అక్కను గదా అని నన్ను గూడ తోడు తీసుకపోయిండు. దవాఖాన అంటే దవాఖాన లెక్కనే లేదు. గోడల మీద ఏనుగులు, జిరాఫీలు, లోపల చల్లటి గాలి, మూలకు పిల్లలు జారే జారుడుబండ. కౌంటర్ల కూసున్న పిల్ల మస్తు మర్యాదగ అడిగింది, "నొప్పి ఉండేది ఎయ్యాల్నా సార్, నొప్పి లేనిదా?" ఇడ్లీనా దోశెనా అన్నట్టు అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తరు. శీను నా దిక్కు చూసి, లేనిదే అన్నడు. బిల్లు చేతికి వచ్చినంక నొప్పి ఎటు పోయిందో మా ఇద్దరికీ తెలిసింది. లోపల డాక్టరమ్మ సూది తీసి పిల్లను గట్టిగ పట్టుకోమంటె, కారు ఎవరికో అడ్డం పెట్టిన సంగతి మా తమ్మునికి సరిగ్గ అప్పుడే యాదికొచ్చింది. చూసొస్త అని పోయినోడు, లోపల ఏడుపు బందైనంకనే మళ్ల వచ్చిండు. నలుగురు మేస్త్రీలను, నలభై మంది కూలీలను ఒక్క కేకతోని నడిపే మనిషి సూది ముందట గింత చిన్నగైతడు.

వాపసు వచ్చేటప్పుడు కారును మేడ్చల్ దిక్కు తిప్పి, తాను కట్టిస్తున్న ఇండ్లు చూసిపోదాం రమ్మన్నడు. ఆ ఇండ్లు లేస్తున్న జాగల ఒకప్పుడు మా కోళ్ల షెడ్లుండేవి. శామీర్‌పేట చెరువు దాటినంక, ఊరికి కొంచెం ఎడంగ, చుట్టూ సీతాఫలం చెట్లు, నడుమ పొడుగు పొడుగు రేకుల కొట్టాలు. ఇప్పుడు ఆడ ఒక్కో ఇంటికి రెండేసి మెట్ల వరుసలు, ఈత కొట్టే హౌజులు. వాసన పీల్చిన. రంగు వాసన, సిమెంటు వాసన తప్ప ఏం లేదు. మా చిన్నప్పుడు ఊరు ఇంక దూరంగ ఉండంగనే బస్సుల కూసున్నోళ్లు ముక్కు మూసుకునేది. మాకు మాత్రం అది ఇల్లు దగ్గరికొచ్చిందన్న గుర్తు. ఊక, దాణా, చేపల పొడి, కోళ్ల పెంట, అన్ని కలిసి ఒక వెచ్చటి వాసన. మా నాయిన బట్టలకు ఎన్ని సార్లు ఉతికినా అది పోయేది కాదు. పెండ్లిండ్లల్ల ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగనే ఉండేది, ఆయన దాన్ని తనకిచ్చే మర్యాద అనుకునేటోడు.

మా నాయిన కోళ్లను సాకినట్టు మమ్మల్ని సాకలేదని మా అమ్మ ఫిర్యాదు. అందుల అబద్ధమేం లేదు. కొత్త బ్యాచు వచ్చిందంటె ఆయనకు నిద్ర ఉండేది కాదు. కరెంటు పోతే ముందుగాల షెడ్డుల కుంపట్లు అంటుకోవాలె, తర్వాతనే ఇంట్ల కందిలి. ఇంటికొచ్చి చెప్పులు ఇడుస్తూనే "పిల్లలు తిన్నయా?" అని అడిగేటోడు. తిన్నయా అంటె కోడిపిల్లలు, తిన్నరా అంటె మేము. ఆ ఒక్క అక్షరం కోసం మేము చెవులు నిక్కబొడుచుకొని కూసునేది, తొంభై పాళ్లు 'యా' నే వినొచ్చేది. మా అమ్మ కూడ కావాలని వంటింట్లకెల్లి, "తిన్నయి, పండుకున్నయి, ఒకటి బడిల లెక్కలు తప్పొచ్చింది" అని జవాబిచ్చేది. ఆయన నవ్వకపోయేటోడు. లెక్కలు తప్పొచ్చింది ఏ షెడ్డుల అన్నట్టు ఒక్క గడియ చూసేటోడు.

ఇంటి పెత్తనమంతా మా అవ్వది, అంటె నాయిన తల్లిది. ఆమె రాజ్యం మా ఇంటి ముందరి అరుగు. బండలు పరిచిన పెద్ద అరుగు, ఎక్కనీకె మూడు మెట్లు. నెలకొక బుధవారం ఆ అరుగు మీద సూదుల కచేరీ ఉండేది. శామీర్‌పేట దవాఖాన నుంచి మరియమ్మ సిస్టర్ పొద్దుటి బస్సుకు వచ్చేది. బస్సు ఆగేది మా ఇంటి ముందటనే కాబట్టి ఆమె కూసునేది గూడ మా అరుగు మీదనే. ఒక చేతిల నీలం రంగు ఐసు డబ్బ, ఇంకో చేతిల కిరసనాయిల్ స్టవ్వు. స్టవ్వు మీద గిన్నె పెట్టి సూదులు ఉడకబెట్టేది. ఆ కిరసనాయిల్ వాసన, స్పిరిటు వాసన, అవ్వ చాయల ఏసే ఇలాచి వాసన కలిసి వచ్చిందంటె ఊర్ల ఉన్న చిన్న పిల్లలంత గడ్డివాముల ఎనక మాయమయ్యేటోళ్లు. అవ్వ ఆ పొద్దు పొద్దుగాలే తానం చేసి, మంచి చీర కట్టుకొని, నడుముకు బెల్లం ముడి దోపుకొని తయారుగుండేది. సూది ఏసేది సిస్టరే అయినా, ఏయించుకున్నోళ్లు బతుకుతున్నది తన వల్లనే అన్నట్టు ఉండేది ఆమె తీరు.

ఎవరు ఏడ కూసోవాలన్నది గూడ అవ్వనే చెప్పేది. మా పాలోళ్లు, చుట్టాలు అరుగు మీద చాప మీద. కులపోళ్లు కాకున్నా భూమి ఉన్నోళ్లు అరుగు అంచున. ఊరి బయటి వాడకట్టు ఆడోళ్లు పిల్లలను సంకనేసుకొని మెట్ల కింద ఎండల నిలబడేది. అరుగు మీద అందరికీ అయినంక సిస్టర్ మెట్లు దిగిపోయి కిందోళ్లకు ఏసేది. అప్పటికి డబ్బల ఐసు కరిగి, సీసాల మందు అడుగుకొచ్చి, తిరుగు బస్సు హారను వినవచ్చేది. మిగిలింది ఉంటె ఎవరికో ఇద్దరికి ముగ్గురికి, లేకుంటె వచ్చే నెల అనేది. సిస్టర్ చెడ్డ మనిషి గాదు. ఆ బస్సు పోతే మళ్ల పొద్దుగూకినంకనే. ఇంటికాడ ఆమెకూ పిల్లలుండిరి.

మా శీను అప్పుడు ఒళ్లె పిల్లగాడు. వానికి నాయిన మేడ్చల్‌ల ఉన్న పిల్లల డాక్టరు దగ్గర అన్ని టీకాలు ఎప్పటివప్పుడు ఏయించేటోడు. అయినా బుధవారం వస్తే అవ్వ వాన్ని ముస్తాబు చేసి అందరికంటె ముందు సిస్టర్ ఒళ్లె పెట్టేది. మా ఇంటి అరుగు మీద మా పిల్లగానికి సూది లేకుంటె అది ఏం మర్యాద అని ఆమె బాధ. వీనికి అన్నీ అయినయి అవ్వా అని సిస్టర్ ఎంత చెప్పినా వినేది కాదు. చివరికి సిస్టరే ఒక ఉపాయం కనిపెట్టింది. వాని నోట్ల పోలియో చుక్కలు రెండు ఏసేది. ఎక్కువైనా ఏం కాదట. అట్ల మా తమ్ముడు ఎన్ని చుక్కలు తాగిండో లెక్క లేదు. వాని పేరు మీద పోసినవి కింద నిలబడ్డోళ్లకు పోస్తే సగం వాడకట్టుకు సరిపోయేవని సిస్టర్ ఒకసారి మా అమ్మ చెవుల అన్నదంట.

ఇగ సాయమ్మ సంగతి. సాయమ్మ, ఆమె పెనిమిటి నర్సిములు పాలమూరు దిక్కు నుంచి వచ్చి మా షెడ్ల కాడ పనిచేసేటోళ్లు. దాణా గది పక్కన ఒక చిన్న అర్ర ఇచ్చినం, అండ్లనే సంసారం. సాయమ్మ గట్టి మనిషి, గొంతు ఇంక గట్టిది. ఈ షెడ్డుల నవ్వితే ఆ షెడ్డుల కోళ్లు మేత ఆపి తలకాయలు ఎత్తేవి. కోడిపిల్లను పట్టుడుల ఆమె చెయ్యి మెత్తన. అందుకని నాయినకు ఆమె అంటె పానం. వాళ్ల బిడ్డ లచ్చిమి అప్పుడప్పుడే పారాడుతుండె. దాణా బస్తాల నడుమ చీర ఉయ్యాల కట్టి అండ్ల పండబెట్టేది. ఉయ్యాల దిగిందంటె కోడిపిల్లల నడుమనే పారాడేది. దాని తల మీద ఎప్పుడూ తౌడు పొడి రాలి ఉండేది, నేను పోయినప్పుడల్ల ఊదుతుంటి.

లచ్చిమికి పుట్టినప్పటి నుంచి ఒక్క సూది లేదు. సిస్టర్ ఊర్ల పిల్లలకే ఏసేది, షెడ్ల కాడోళ్లు ఊరోళ్లు గాదు. ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు, వాళ్లు ఎవరి లెక్కల రారు. సాయమ్మ ఒక బుధవారం పని ఇడిసి, పిల్లనెత్తుకొని మా అరుగు దాక నడిచొచ్చింది. పని ఇడిస్తే ఆ పూట కూలి లేదు, అది మా నాయిన పెట్టిన కట్టడే. వాడకట్టోళ్ల ఎనక నిలబడ్డది. ఆమె వంతు వచ్చేటాళ్లకు బస్సు వచ్చింది. మర్సటి నెల మళ్ల వచ్చింది. ఈసారి అవ్వ చూసి, ఎవరు నువ్వు, మీ ఊర్ల ఏయించుకోరాదా అన్నది. మా ఊర్ల ఉంటె గీడికెందుకొస్తం అవ్వా అని సాయమ్మ అన్నది. ఆ జవాబు అవ్వకు నచ్చలేదు. ఆనాడు గూడ మందు కింద దాక రాలే. ఆ తర్వాత ఒకటి రెండు సార్లు నాయినను అడిగింది. చూద్దాం తీ అన్నడు ఆయన. చూద్దాం అంటె మా ఇంట్ల లేదు అని అర్థం, పాపం ఆమెకు తెల్వదు.

శివరాత్రి పోయిన కొత్తల ఒక కొత్త బ్యాచు పిల్లలకు కొక్కెర రోగం రాకుండ చుక్కల మందు ఏసే దినం వచ్చింది. అది మా నాయినకు పండుగ లెక్క. పొద్దు పొడవకముందే మేడ్చల్ నుంచి ఊకల చుట్టి ఐసు తెప్పించిండు. అందరితోని చేతులు కడిగించిండు, సబ్బు వాసన గూడ ఉండొద్దని ఒక్కొక్కరి చేతులు తానే వాసన చూసిండు. ఆడోళ్లంత ఊకల వరుసగ కూసున్నరు. ఒక్కో పిల్లను పట్టి, కంట్ల ఒక చుక్క ఏసి, అది రెప్ప కొట్టినంక ఇడిసిపెట్టాలె. మందు ఒక్కసారి కలిపితే రెండు గంటల్ల అయిపోవాలె, ఐసు కరిగితే అంత నీళ్లే. పని మొదలయ్యేముందు నాయిన ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పిండు. ఒక్క పిల్లను ఇడిసిపెట్టినా రోగం ఆ పిల్లకెల్లే మొదలైతది, షెడ్డంత ఊడ్చుకపోతది, చిన్నదని, మూలకున్నదని ఏ పిల్లనూ ఇడవొద్దు. నేను ఆ పొద్దు బడికి ఎందుకు పోలేదో యాది లేదు గని, షెడ్డుల ఆయన పక్కనే ఉన్న.

మందు కలిపి, బుడ్లల్ల పోసి, అందరి చేతులకు ఇచ్చినంక, అప్పటిదాక నోరు మెదపని సాయమ్మ తన బుడ్డిని తీసుకపోయి ఐసుల పెట్టింది. మళ్ల వచ్చి కూసొని, చేతులు ఒళ్లె పెట్టుకొని, పిల్లలను పట్టనన్నది. ఆమెకు చేతులు నొస్తున్నయేమో అనుకొని నాయిన పానం బాగలేదా అని అడిగిండు.

"పానం మంచిగనే ఉన్నది పటేలా. మా లచ్చిమికి సూది ఏసినంక పడ్త. మీరే అన్నరు గదా, ఒక్క పిల్లను ఇడిసినా షెడ్డంత పోతదని. నా పిల్ల గూడ గీ షెడ్డులనే ఉంటది."

నాయిన ముందుగాల నవ్విండు. తర్వాత రేపు తీసుకపోత అన్నడు. తర్వాత కోపానికి వచ్చిండు. నర్సిములును పిలిచి నీ పెండ్లానికి చెప్పుకో అన్నడు. నర్సిములు వచ్చి, పెండ్లాన్ని ఒకసారి, ఐసును ఒకసారి చూసి, మీ మాటనే ఇంటలేదు పటేలా, ఇగ నా మాట ఇంటదా అన్నడు. ఆ మాటకు వరుసల ఎవరో కిసుక్కున నవ్వినరు. నవ్విన మనిషి గూడ తన బుడ్డిని తెచ్చి ఐసుల పెట్టింది. ఆమె ఎనక ఇంకొకామె. చూస్తుండంగనే బుడ్లన్ని ఐసుల చేరినయి, చేతులన్ని ఒళ్లల్ల చేరినయి. షెడ్డు నిండ కోడిపిల్లలు మాత్రం కియ్యికియ్యిమని తిరుగుతున్నయి. సాయమ్మ ఇంకొక్క మాట అన్నది, ఆ మాట మాత్రం మెల్లగ అన్నది. "మా పెద్దోడు తట్టు పోసి పోయిండు పటేలా. గట్లనే చూద్దాం చూద్దాం అన్నరు ఆడ గూడ."

నాయిన స్కూటరు తీసిండు. ఆ దినం సూదుల బుధవారమే అయింది, అది సాయమ్మ చూసుకున్నదో, దేవుడే చూసిండో. నేను ముందట నిలబడ్డ, ఊరి దాక ఆయన ఒక్క గుంతను గూడ తప్పించలే. మా అరుగు మీద కచేరీ నడుస్తాంది. నాయిన మెట్లు ఎక్కకుండనే, ఎగపోస్తూ, "సిస్టరమ్మా, జల్ది నడువు, పిల్లలకు మందు ఎయ్యాలె, పనంత ఆగిపోయింది, ఐసు కరుగుతాంది" అన్నడు. సిస్టర్ ఆయనను ఎగాదిగా చూసి, "నేను మనుషుల నర్సును పటేలా. కోళ్లకైతే పశువుల దవాఖానకు పోవాలె" అన్నది. మా నాయినకు ఆ పొద్దు మొదటిసారి 'పిల్లలు' అన్న మాటతోని తిప్పలొచ్చింది. మనుషులకే, మనుషుల పిల్లలకే అని చెప్పనీకె ఆయనకు మస్తు సేపు పట్టింది.

అవ్వకు సంగతి సమజైంది, అయినంక ఊకోలే. మన అరుగు ఉండంగ డాక్టరు సామాను కోళ్ల కొట్టాలకు మోసుకపోవుడేంది, వాళ్లనే రమ్మను అన్నది. వాళ్లు రెండు సార్లు వచ్చి పోయినరని నాయిన అన్నడు. ఆ సంగతి ఆయనకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. సిస్టర్ బస్సు సంగతి ఎత్తింది. నేను స్కూటర్ మీద శామీర్‌పేటల దించుత అన్నడు నాయిన. ఆ ఒక్క మాటకు సిస్టర్ మొఖం ఇప్పారింది. ఇన్నేండ్లు ఆమె ఎటూ పోలేకపోయింది ఆ బస్సు వల్లనే. కని కింద ఎండల ఉన్నోళ్లను ఇడిసి ఎట్ల పోత అని, డబ్బ పట్టుకొని మెట్లు దిగి, ముందుగాల వాడకట్టు పిల్లలకే చకచక ఏసేసింది. అరుగు మీద చాపల కూసున్న మా చుట్టాలు చూస్తూ ఉండిపోయినరు. మీకు మళ్లొచ్చి ఏస్త అన్నది వాళ్లకు. మా ఊర్ల అరుగు మీదోళ్లు ఆగుడు అదే మొదలు.

స్కూటర్ మీద ఎనక సిస్టర్, ఆమె ఒళ్లె ఐసు డబ్బ, కాళ్ల కాడ స్టవ్వు. వాళ్లు పోయినంక అవ్వ అరుగు మీద రెండు సార్లు ఇటటు తిరిగింది. తను లేని కచేరీ ఆమె ఊహకు అందలేదు. పక్క ఫారం గుడ్లు ఎత్తుకొని మా షెడ్లకు పోయే ఆటో ఆ టైముకే వచ్చింది. అవ్వ శీనును ఎత్తుకొని, గుడ్ల అట్టల నడుమ పీట ఏయించుకొని కూసున్నది. నేను పక్కన. ఆటో ఎగిరినప్పుడల్ల గుడ్లు పైలం గుడ్లు పైలం అంటూ, శీనును నా మీద పడేసి, రెండు చేతులతోని అట్టలను పట్టుకున్నది. ఒక్క గుడ్డు పగలకుండ షెడ్డు కాడికి చేరినం.

అప్పటికే ఆడ రెండు దుకాణాలు పక్కపక్కనే నడుస్తున్నయి. ఒక దిక్కు సూదులు ఉడుకుతున్నయి, ఒక దిక్కు కోడిపిల్లలకు చుక్కలు పడుతున్నయి. సిస్టర్ డబ్బల ఐసు అయిపోతే నాయిన తన కోళ్ల ఐసు తీసి అండ్ల పోసిండు. లచ్చిమికి రెండు తొడలకూ సూదులు పడ్డయి, నోట్ల చుక్కలు పడ్డయి. అది సూదులకు ఒక్కసారి కెవ్వుమని ఊకున్నది గని, ఏడువకు ఏడువకు అని అవ్వ ఏసిన కేకకు దడుసుకొని ఇగ ఆపలేదు. సాయమ్మ పిల్లను ఈపుకు కట్టుకొని వరుసల కూసున్నది. ఆమె చేతుల నుంచి కోడిపిల్లలు మళ్ల ఒక్కొక్కటి రెప్ప కొట్టుకుంట కిందికి దిగవట్టినయి. అప్పుడే మేము ఇంకోటి చూసినం. దాణా బస్తాల ఎనకకెల్లి, పెంట గుంత అవతలికెల్లి, గుడ్ల గదిల అట్టల సందులకెల్లి పిల్లలు బయటికి వస్తున్నరు. చీమిడి ముక్కులోళ్లు, మొలతాడు తప్ప ఏం లేనోళ్లు, అక్క సంకల తమ్ముడు, తమ్ముని చేతిల చిన్నది. వాళ్ల తల్లులు ఎప్పుడు పిలిచిర్రో ఏమో. నాయిన నోరు తెరుచుకొని చూసిండు. ఏ షెడ్డుల ఎన్ని కోళ్లో నిద్రల లేపి అడిగినా చెప్పే మనిషికి, తన కొట్టాల కాడ ఇందరు పిల్లలున్నరని ఆ పొద్దు దాక తెల్వదు.

అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని దాణా బస్తా మీద కూసున్నది. ఇగ ఆగలేక, నువ్వు ముందటికి రా, నువ్వు ఎనకకు పో అని మొదలుపెట్టింది. నడుముల బెల్లం ముడి ఇప్పి ఒక్కొక్కరికి ముక్క ఇచ్చింది. చెయ్యి తాకకుండ పైకెల్లి ఏసింది, అయినా ఒక్కటి గూడ కింద పడలే, పిల్లల గురి అట్లాంటిది. అంత అయిపోయినంక శీనును సిస్టర్ ముందర పెట్టింది. సిస్టర్ నిట్టూర్చి, వాని నోట్ల రెండు చుక్కలు ఏసింది.

మర్నాడు పిల్లలకు జరాలు వచ్చినయి. ఇట్లయితదని సిస్టర్ చెప్పి గోలీలు ఇచ్చే పోయింది. తల్లులు ఇంటికాడ ఉంటమన్నరు, కూలి కోయొద్దన్నరు. నాయిన సరే అన్నడు. ఆయనకు ఇంకో వారంల కోడిపిల్లలకు రెండో మందు ఉండె.

ఆ ఎండకాలమే మా పక్క ఫారం కాడ పిల్లలకు తట్టు పోసింది. అక్కడోళ్లు గూడ పాలమూరోళ్లే. తల్లొచ్చింది అని ఏపాకులు కట్టుకొని కూసున్నరు. ఒక ఆడపిల్ల పోయింది. ఆ పిల్ల తల్లి, సాయమ్మ ఒక్క ఊరోళ్లే. సాయమ్మ పోయి రెండు దినాలు ఆడనే ఉన్నది, నాయిన ఏం అనలే. మా షెడ్ల కాడ ఎవరికీ ఏం కాలే. ఆ పిల్లను మట్టి చేసిన దినం నాయిన గూడ పోయి వచ్చిండు. పగటీలి అన్నం ముందర కూసొని, కలుపుకుంట, కలుపుకుంట, తినలే. అవ్వ ఏందిరా అని అడిగింది. "వాళ్ల కోళ్లన్నీ మంచిగనే ఉన్నయి అవ్వా" అన్నడు. కంచం ముందటి నుంచి లేచి చేతులు కడుక్కున్నడు. ఆ దినం పిల్లల గురించి అడగలే, ఏ పిల్లల గురించీ.

మా అవ్వ మాటలతోని మారే మనిషి గాదు. మారిన అని ఎప్పుడూ ఒప్పుకోలే గూడ. గుడ్ల ఆటో పిల్లగానితోని పక్క ఫారం ఆడోళ్లకు కబురు పంపింది, బుధవారం మా ఇంటికి రాండ్రి అని. వాళ్లు వచ్చి మెట్ల కింద నిలబడితే, మెట్లెక్కి పైకి రాండ్రి, ఎండల నిలబడితే మందు ఖరాబైతదంట అన్నది. సిస్టర్ ఆ మాట ఎన్నడూ చెప్పలే. అందరు పోయినంక పనిమనిషితోని అరుగంత బిందెలకు బిందెలు నీళ్లు పోయించి కడిగించింది. మర్సటి నెల గూడ కడిగించింది. ఆ తర్వాత వానలు పడ్డయి, ఆమె మోకాళ్లు పట్టుకున్నయి, పనిమనిషి సణుగుడు ఎక్కువైంది, కడుగుడు ఆగింది. పట్టింపు పోయిందో, ఓపిక పోయిందో ఆమెకే ఎరుక.

ఇప్పుడు ఆ అరుగు లేదు, రోడ్డు ఎడల్పుల పోయింది. మా తమ్ముని ఇండ్ల ఎనక, గోడ అవతల, రేకుల గదులు వరుసగ ఉన్నయి. పాలమూరోళ్ల జాగల ఒరిస్సా నుంచి, బీహార్ నుంచి వచ్చినోళ్లు. సిస్టర్లు ఇప్పుడు స్కూటీల మీద వస్తరు, వచ్చీరాని హిందీల పిలుస్తరు. సూదులు ఉడకబెట్టుడు లేదు, ఒక్కసారి వాడి పారేసుడే. చానా మంచిగైంది, కాలేదంటె కండ్లు పోతయి. అయినా గేటు కాడ వాచ్‌మన్ ఎవరు కావాలె అని అడుగుతడు, పొద్దున వస్తే పనుల మీద ఉన్నరంటడు, పొద్దూకి వస్తే సిస్టర్ డ్యూటీ అయిపోతది. గోడకు ఇవతల పుట్టిన నా మేనకోడలికి నొప్పి ఉన్నదా లేనిదా అని అడుగుతరు. గోడకు అవతలోళ్లను ఏయించినవా అని అడిగేటోళ్లే తక్కువ. లచ్చిమికి ఆ పొద్దు టీకా ఎట్ల దొరికిందని ఎన్నోసార్లు ఆలోచన చేసిన. మా నాయిన మంచోడే, సిస్టర్ మంచిదే. కని అంతకుముందు నెల గూడ వాళ్లు మంచోళ్లే గదా. ఐసు కరుగుతుండె కాబట్టి దొరికింది.

సాయమ్మ వాళ్లు మా కాడ ఇంక రెండు మూడేండ్లు ఉన్నరు. తర్వాత కోళ్ల ధర పడిపోయి నాయిన ఒక షెడ్డు మూసిండు, వాళ్లు యాప్రాల్ దిక్కు కాలనీలు కడుతున్న కాడికి పని చూసుకున్నరు. అప్పటికి సాయమ్మకు ఇంకో పిల్లగాడు, ఇంక పాలు తాగే పసిగుడ్డు. పోయే దినం మూటలు ఆటోల పెట్టి, పోయొస్తనని చెప్పనీకె మా ఇంటికి వచ్చింది. ఎవరూ పిలవకముందే మెట్లెక్కి అరుగు అంచున కూసున్నది. అవ్వ లచ్చిమి తలకు నూనె పెట్టి జడ ఏసింది, పిల్లగానికి పాత చీర ముక్కలు మెత్తటియి ఇచ్చింది. ఆడ పని ఎట్లుంటది, నీళ్లెట్ల, ఇల్లు ఇస్తరా అని అన్నీ అడిగింది. పసిపిల్లగాని తొడ మీద సూది మచ్చ చూసి, వీనికి ఇంక అయ్యేటివి ఉన్నయి గద, ఆడ ఏస్తరా అన్నది.

తెల్వదు అవ్వా, మేస్త్రిని అడుగుత అన్నది సాయమ్మ.

అవ్వ లోపలి దిక్కు ఒకసారి చూసింది. లోపల మా నాయిన దాణా కొట్టోనితోని మాట్లాడుతుండె. ఆమె గొంతు తగ్గించలే.

"అడిగితే ఎవలేస్తరే. స్లాబు ఏసే దినం చూసుకొని పని బందువెట్టు."